ఆ కప్పు కాపీ కాదమ్మా

చిన్నీ,

నువ్వు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పంపిన టీ కప్పు ఫోటో చూశాను. పాతకాలంలో చైనాలో చేసిన కప్పు, దాని మీద యూరప్ దొరసాని బొమ్మ. "చైనావాళ్ళు అప్పట్నుంచే కాపీలు కొడుతున్నారు నాన్నా" అని నవ్వావు. నాకు మాత్రం మింగుడు పడలేదు. డబ్బిచ్చి మరీ అలా వేయించుకున్నది మీ డచ్చివాళ్ళూ, వాళ్ళలాంటి వ్యాపార కంపెనీలవాళ్ళూ!

చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్. అక్కడి బట్టీల్లో కాల్చిన తెల్ల పింగాణీ దక్షిణాన ఉన్న కాంటన్ రేవుకు వచ్చేది. వ్యాపారులు యూరప్ నుంచి తెచ్చిన అచ్చుబొమ్మల కాగితాలిచ్చి, ఇలాగే వేయమనేవాళ్ళు. కాంటన్ పనివాళ్ళు పైన రంగులు వేసి, తక్కువ వేడిలో మళ్ళీ కాల్చేవాళ్ళు. ఓడలో అడుగున బరువుకి పింగాణీ, దాని మీద టీ పెట్టెలు.

ఆ ఫోటో పెద్దది చేసి చూడు. దొరసాని గౌను మడతల్లో నీడ ఉందే, అది పూసిన రంగు కాదు, ఒకదాని పక్కన ఒకటి లాగిన సన్నటి నల్ల గీతలు. రాగిరేకు చెక్కి అచ్చువేసిన బొమ్మలో నీడలు అలాగే ఉంటాయి. ఆ గీతలన్నీ ఈ చైనా పనివాడు కుంచెతో, అదీ వంపు తిరిగిన కప్పు మీద లాగాడు. పెడనలో అద్దకం బ్లాకులు చెక్కేవాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, చదును చెక్క మీదే చెయ్యి ఎంత తడబడుతుందో నాకు తెలుసు. మన తీరంలో కలంకారీ వేసేవాళ్ళకూ ఆ కంపెనీలు ఇలాగే నమూనాలు పంపేవి.

ఇంకా తమాషా ఉంది. 1734లో డచ్ ఈస్టిండియా కంపెనీ కొర్నేలిస్ ప్రోంక్ అనే తమ చిత్రకారుడి చేత పింగాణీకి బొమ్మలు గీయించింది. వాటిలో బాగా పేరొచ్చింది గొడుగు బొమ్మ: ఒక చీనా దొరసాని, ఆమెకు గొడుగు పట్టిన పరిచారిక, ఎదురుగా నీటిపక్షులు. ఒక డచ్చివాడు ఊహించుకున్న చీనా ఆడమనిషిని చీనావాళ్ళ చేతే వేయించారన్నమాట! చూసి వాళ్ళేమనుకున్నారో గానీ, పని మాత్రం శుభ్రంగా చేసిచ్చారు. ఖర్చు తడిసి మోపెడవడంతో కొన్నేళ్ళకే కంపెనీ ఆ ముచ్చట మానేసింది.

కప్పుకు పిడి లేదేమని అడిగావు. చైనాలో టీ గిన్నెకు పిడి ఉండదు, యూరప్‌వాళ్ళూ మొదట్లో అలాగే తాగారు. వేడి ఓర్చుకోలేనివాళ్ళు మన తాతయ్యలా సాసర్లో ఒంపుకునేవాళ్ళు.

ఈసారి వెళ్తే సాసర్‌ని కూడా దగ్గరగా తియ్యి, ఫ్లాష్ వద్దు. రెండింటి మీదా అదే బొమ్మ ఉంటే ముఖాలు పక్కపక్కన పెట్టి పంపు. ఒకే చెయ్యి వేసిందో, ఇద్దరు పంచుకున్నారో చూద్దాం.

నాన్న