గోళీలాట గురించి తల్లిదండ్రులకు ఒక లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత శుక్రవారం మధ్యాహ్న విరామంలో ఐదవ తరగతి పిల్లల మధ్య గోళీల విషయమై తగవు జరిగిందనీ, ఒక బాబు తన గోళీలన్నీ పోగొట్టుకుని ఏడుస్తూ ఇంటికి వెళ్ళాడనీ మీకు ఇప్పటికే తెలుసు. గోళీలను బడిలో నిషేధించాలని కొందరు, పిల్లల ఆటలో పెద్దలు తలదూర్చకూడదని మరికొందరు నాకు రాశారు. విచారించగా అక్కడ మోసమేమీ జరగలేదు. గెలిచిన గోళీ గెలిచినవారిదేనని ఒక జట్టు, ఆట ముగిశాక ఎవరివి వారికేనని మరొక జట్టు అనుకుని ఆడారు. ఆటకు ముందే చెప్పుకోవలసిన మాట చెప్పుకోకపోవడమే అసలు కారణం. కాబట్టి ఆటను ఆపడం లేదు. సోమవారం నుంచి బడిలో ఆట ముగియగానే ఎవరి గోళీలు వారికి తిరిగి ఇచ్చివేయాలి.

మా ఆవరణలో రెండు ఆటలు సాగుతాయి. వలయం ఆటలో పదడుగుల వ్యాసంతో గీసిన వలయం నడుమ 13 గోళీలను మూడేసి అంగుళాల ఎడంతో కూడిక గుర్తు ఆకారంలో పేర్చుతారు. చిన్న తరగతులకు వలయాన్ని కుదించాము. ముందుగా ఒక గీత వైపు గోళీ వేసి, గీతకు దగ్గరగా నిలిపినవారు ఆట మొదలుపెడతారు. కొట్టేటప్పుడు కనీసం ఒక వేలి కణుపు నేలకు ఆని ఉండాలి, చేయి ముందుకు జరగకూడదు. తగవుల్లో సగం ఇక్కడే పుడతాయి. పేర్చిన గోళీ బయటికి పోయి, కొట్టిన గోళీ వలయంలోనే నిలిస్తే, అది ఆగిన చోటి నుంచే మళ్ళీ కొట్టవచ్చు. ముందుగా ఏడు గోళీలను వెళ్ళగొట్టినవారిదే గెలుపు. గుంట ఆటలో ముందు తన గోళీని గుంటలో పడవేసినవారికే ఎదుటివారి గోళీని కొట్టే హక్కు వస్తుంది. ఓడినవారు వేలి కణుపులతో గోళీని గుంట దాకా నెట్టుకుంటూ పోవాలనే శిక్షను మాత్రం, చేతులు దోక్కుపోతున్నాయి కనుక, రద్దు చేశాను.

ఈ ఆటను నేనెందుకు ఇంతగా వెనకేసుకొస్తున్నానో చెప్పాలి. మధ్యవేలిని వింటినారిలా వెనక్కి లాగి వదిలే ఆ ఒక్క క్షణంలో దూరం, కోణం, బలం మూడింటినీ పిల్లలు తమంతట తామే అంచనా వేసుకుంటున్నారు. సమాన బరువున్న గోళీని సూటిగా కొడితే కొట్టిన గోళీ దాదాపు అక్కడే ఆగి, దాని వేగం ఎదుటిదానికి చేరుతుందనీ, పక్కగా తగిలితే రెండూ చెరో దారి పడతాయనీ ఆరవ తరగతి అమ్మాయి ఒకరు, పాఠం అక్కడికి రాకముందే, నల్లబల్లపై బొమ్మ గీసి తోటివారికి వివరించింది. ఆ బొమ్మను చెరపవద్దని నేనే చెప్పాను. తరగతిలో పెదవి విప్పని నాలుగవ తరగతి బాబు ఇప్పుడు వలయం పక్కన నిలబడి తీర్పు చెబితే, పెద్ద తరగతుల వాళ్ళు ఎదురాడకుండా ఒప్పుకుంటున్నారు. ఇంగ్లండ్‌లోని టిన్స్‌లీ గ్రీన్‌లో 1932లో మొదలైన ప్రపంచ గోళీల పోటీలో ఆరడుగుల వలయంలో 49 గోళీలు పేర్చి పెద్దవారే ఎంతో పట్టుదలగా ఆడతారు. దీన్ని పనికిమాలిన ఆటగా చూడవలసిన అవసరం లేదు.

రుసుము గడువు, ఆరోగ్య పరీక్షల తేదీలు డైరీలో అంటించాము, దయచేసి చూడండి.

మీ సహకారానికి ఎంతో కృతజ్ఞురాలిని; అయినా కొన్ని మాటలు చెప్పక తప్పడం లేదు. బిడ్డ ఓడిపోయాడని మర్నాడు సంచి నిండా కొత్త గోళీలు పంపడం వల్ల వాడికి గురి కుదరదు. పదికి మించి తేవద్దు. మోకాళ్ళకు మట్టి అంటిందని ఫోన్ చేసేవారు, నేలపై కూర్చోనిదే ఈ ఆట సాగదని గమనించగలరు. రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూసిన పిల్లలు ఉదయం గోళీ మీదే కాదు, పలక మీదా చూపు నిలపలేకపోతున్నారు. గోళ్ళు వారానికోసారైనా కత్తిరించండి. ఇంట్లో మూడేళ్ళలోపు పసివారుంటే గోళీలు గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. పిల్లలు ఇల్లు చేరగానే జేబులు ఖాళీ చేయించి, మూతబిగించిన డబ్బాలో వేసి, అందనంత ఎత్తులో పెట్టండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు