పేర్లు రాసి పంపు నాన్నా

నాన్నా,

మొన్న రాత్రి నువ్వు పంపిన వీడియో చూశాను. ముప్పై సెకన్లు ఉంది. తడిసిన రైలు ప్లాట్‌ఫారం మీద కోటు వేసుకున్న ఒకావిడ, మెడలో తెల్లటి గిటారు. కింద "అమ్మా, ఈవిడను చూడు!" అని ఒక్క మాట రాశావు. చూశాను. నిద్ర పట్టక మళ్లీ మళ్లీ చూశాను. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. నీకు పంపిన స్నేహితుడు కూడా రాసి ఉండడు, అతనికి పంపినవాళ్లూ రాసి ఉండరు. ఫోనులో చెబితే "సరే అమ్మా" అని ఊరుకుంటావని ఉత్తరమే రాస్తున్నాను.

ఆవిడ సిస్టర్ రోసెట్టా థార్ప్. 1915లో అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. చర్చిలో పాడుకునే పాటలను ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చింది. రాక్ అండ్ రోల్ అనే మాట జనం నోళ్లలో నానకముందే ఆ ఊపు ఆవిడ వేళ్లలో ఉంది. ఆ సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడకు చోటిచ్చింది మాత్రం 2018లో. 1973లోనే పోయిన మనిషికి!

ఆ ప్లాట్‌ఫారం ఎక్కడిదనుకున్నావు? నువ్వు ఉంటున్న ఊరిదే. 1964 మే 7న మాంచెస్టర్‌లో, అప్పటికే మూతపడిన విల్‌బ్రహం రోడ్ స్టేషన్‌లో గ్రెనడా టెలివిజన్ వాళ్లు ఆ కార్యక్రమం తీశారు. అమెరికా దక్షిణాది స్టేషన్‌లా కనిపించాలని దానికి వేషం వేసి, మేకలను, కోళ్లను కూడా తెచ్చి పెట్టారు. ఆ పని నాకు నచ్చలేదు. బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల బాధల పాట) పాడే మడ్డీ వాటర్స్, థార్ప్ లాంటివాళ్లు వచ్చాక ఆ అలంకారాలు ఎందుకు? వినేవాళ్లు ఒక ప్లాట్‌ఫారం మీద, పాడేవాళ్లు ఎదుటి ప్లాట్‌ఫారం మీద, మధ్యలో పట్టాలు. విన్నవాళ్లలో చాలామంది నీ ఈడువాళ్లే. వాన కురిసింది. థార్ప్ గుర్రబ్బండి దిగి, ఆ తడి నేల మీద నడిచి వచ్చి, గిటారు తగిలించుకుని 'డిడింట్ ఇట్ రెయిన్' పాట ఎత్తుకుంది. నోవహు నాటి జలప్రళయం మీద పాట అది. సమయానికి తగిన కీర్తన ఎత్తుకున్న విద్వాంసుడి గురించి మనవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు కదా, ఇదీ అటువంటిదే. నీకు వచ్చిన ముక్కలో బండి లేదు, ఆ నడక లేదు. గిటారు వాయింపు ఒక్కటే మిగిలింది. ఆ పాటే ఎందుకు పాడిందో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

నువ్వు సైకిలు తొక్కే ఫాలోఫీల్డ్ లూప్ ఉంది చూడు, అది ఆ పాత రైలు మార్గమే. ఒక ఆదివారం అక్కడ ఆగి పాట మొదటి నుంచి చివరిదాకా చూడు.

ముక్కలు చేస్తే ఏం పోతుందో ఇంకొకటి చెబుతాను. 1957 డిసెంబరు 8న న్యూయార్కు స్టూడియో నుంచి సీబీఎస్ టీవీ వాళ్లు 'ద సౌండ్ ఆఫ్ జాజ్' అనే కార్యక్రమం ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. అందులో జాజ్ గాయని బిల్లీ హాలిడే తాను రాసుకున్న 'ఫైన్ అండ్ మెలో' పాడింది. స్టూలు మీద కూర్చుంది, చుట్టూ బెన్ వెబ్‌స్టర్, కోల్‌మన్ హాకిన్స్, రాయ్ ఎల్‌డ్రిడ్జ్ లాంటి హేమాహేమీలు. వాళ్లలో సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ కూడా ఉన్నాడు. ఒకప్పుడు ఆయన ఆమెకు 'లేడీ డే' అని పేరు పెట్టాడు, ఆమె ఆయనకు 'ప్రెజ్' అని పెట్టింది. తర్వాత దూరమయ్యారు. ఆ రోజు ఆయన ఒంట్లో సత్తువ లేదు. తన వంతు రాగానే లేచి నిలబడి సాక్సఫోన్‌లో ఒక్క ఆవృత్తం వాయించాడు. వాళ్ల బ్లూస్ లెక్కలో అది పన్నెండు గదులు (వాళ్లు బార్ అంటారు), గదికి నాలుగు దెబ్బలు. ఎనిమిది దెబ్బల మన ఆదితాళంలో వేసుకుంటే ఆరు ఆవర్తనాలు. నిమిషం కూడా పట్టదు. గమకాల గొప్ప, వేగం ఏమీ లేవు, కొద్ది స్వరాల చుట్టూ తిరిగిందంతే.

అప్పుడు కెమెరా బిల్లీ హాలిడే వైపు తిరుగుతుంది. నువ్వు చూడవలసింది అక్కడే. తల నెమ్మదిగా ఆడిస్తూ, పెదవుల మీద నవ్వు వచ్చీ రానట్టు, ఆయన ఊపిరితో పాటే ఆమె ఊపిరి. ఒక మనిషి ఇంకొక మనిషి పాటను అంతగా వినడం నేను ఇంకెక్కడా చూడలేదు. 1959 మార్చిలో ఆయన పోయాడు, జూలైలో ఆమె పోయింది. ఎవరైనా సాక్సఫోన్ బాగుందని ఆ ఒక్క ముక్క కత్తిరించి, ధ్వనిని మాత్రం పంపితే ఆ ముఖం పోతుంది.

అది మిగలడం కూడా అదృష్టమే. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా నిలబెట్టి ఆ తెరనే చిత్రీకరించేవాళ్లు, కినెస్కోప్ అంటారు. బొమ్మ మసకగా ఉండేది అందుకే. తర్వాత వీడియో టేపు వచ్చింది, దానితో పాటు చెరిపి మళ్లీ వాడుకునే వీలూ వచ్చింది. టేపు ఖరీదు. బీబీసీ వాళ్లు 'టాప్ ఆఫ్ ది పాప్స్' అనే పాటల కార్యక్రమం పాత సంచికలను ఎన్నింటినో అలా పోగొట్టుకున్నారు. 1973 జనవరిలో ఇంగ్లండు గాయకుడు డేవిడ్ బోవీ అందులో పాడిన పాట కూడా పోయిందనే అనుకున్నారు. ఆ రోజు పనిచేసిన కెమెరామన్ జాన్ హెన్‌షల్ తన కోసం ఒక ప్రతి తీసి ఉంచుకున్నాడు కాబట్టి 2011లో బయటపడింది. అతను దాచుకున్నది ఇంట్లో 38 ఏళ్లు ఉంది.

నాన్నా, నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు టేపుల గది అప్పగించారు. కొత్త స్పూళ్లు రాక, నెలనెలా పాతవి కొన్ని చెరపమని జాబితా వచ్చేది. చెరిపే యంత్రం మీద స్పూలు పెట్టి, మీట నొక్కితే సన్నగా హోరు వస్తుంది. గుండ్రంగా తిప్పుతూ నెమ్మదిగా పైకి ఎత్తి దూరంగా తీయాలి. తొందరపడితే చప్పుడు మిగిలిపోతుంది. నేను తొందరపడేదాన్ని కాదు. ఒకసారి జాబితాలో ఒక నాదస్వర విద్వాంసుడి తోడి రాగం వచ్చింది. అంతకుముందు మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టి దాన్ని మొత్తం విన్నాను. అయినా చెరిపాను. రిజిస్టరులో ఆయన పేరు పక్కన ఎర్ర సిరాతో 'చెరిపినది' అని రాసింది కూడా నేనే. ఆరు నెలలు తిరగకుండా ఆయన పోయారు. కొడుకు వచ్చి, నాన్నగారిది ఏదైనా ఉందా అని అడిగాడు. రిజిస్టరు తీసి చూపించాను. ఆ అబ్బాయి ఎర్ర అక్షరాలు చదివి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఒక కాసెట్ మీదికి ఎక్కించి పెట్టి ఉంటే నన్ను ఎవరు అడిగేవారు? ఆ ఆలోచన అప్పుడు రాలేదు. ఆ తోడిలో ఎత్తుగడ నాకు ఇప్పటికీ గుర్తుంది, పాడి చూపించగలను. కానీ అది ఆయన ఊపిరి కాదు కదా.

అందుకే నువ్వు, నీ స్నేహితులు ఈ పాత కచేరీలను వెతికి పంచుకుంటుంటే నాకు సంతోషం. ఎవరో అటక మీద దాచినది ఇంకెవరో దుమ్ము దులిపి ఎక్కించారు, అది నీ దాకా వచ్చింది. నువ్వు పంపేటప్పుడు మాత్రం పూర్తిగా పంపు. పాడినవాళ్ల పేరే కాదు, వెనక వాయించినవాళ్ల పేర్లు, ఊరు, తేదీ రాయి. నేనూ నీకొకటి పంపుతున్నాను. పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్, మన సంగీతాన్ని జాజ్‌తో కలిపిన రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించినది. పద్నాలుగేళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించిన పిల్లవాడు. నేను పంపేదానిలో మెక్‌లాఫ్లిన్ తన గిటారు ఆపి అతని వైపు చూస్తాడు. ఆ చూపు చూసి బిల్లీ హాలిడే గుర్తొస్తుందేమో చెప్పు.

బీరువా అడుగున బిస్కట్ల డబ్బాలో మీ తాతయ్య కాసెట్లు పదకొండు దొరికాయి. శ్రీరామనవమి పందిట్లో ఆయన దగ్గరుండి రికార్డు చేసుకున్నవి. ఎనిమిదింటి మీద ఆయన దస్తూరీలో తేదీ, రాగం, వాయించినవాళ్ల పేర్లు ఉన్నాయి. మూడింటి మీద కాగితం ఊడిపోయింది. వయొలిన్ ఎవరిదో నేను పోల్చుకున్నాను, మృదంగం ఎవరిదో తెలియలేదు. తాతయ్య స్నేహితుడికి ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు, చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయట. బుధవారం పొద్దున బస్సుకు వెళ్లి వినిపించి, పేర్లు రాసుకుని వస్తాను. ప్లేయరు బెల్టు సాగిపోయింది, ఈలోగా మార్పిస్తాను. కాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఏదో తీగ కావాలంటున్నారు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అది మరిచిపోకుండా తీసుకురా.

ఆశీస్సులతో,
అమ్మ