శాతం అంకె ఒక్కటే ఇస్తే ఏం చేసుకోవాలి?

సంపాదక మహాశయా,

పెద్దవాళ్లు జారిపడే ముప్పును కంప్యూటర్ ముందే చెబుతుందంటే మంచిదే. కానీ ‘30 శాతం’ అని ఒక అంకె చేతిలో పెడితే ఇంట్లోవాళ్లు ఏం చేసుకోవాలి? ఇలాంటి అంచనాలకు పనికొచ్చేవే 1980లలో కంప్యూటర్ శాస్త్రవేత్త జుడియా పెర్ల్ రూపుదిద్దిన బేయేసియన్ నెట్‌వర్క్‌లు, అంటే ఏ సంగతి దేనిమీద ఆధారపడుతుందో వలలా అల్లి, ఏది ఎంతవరకు జరగవచ్చో లెక్కగట్టే పద్ధతి. వాటి గొప్పదనమంతా కారణాల అల్లికలోనే ఉంది. రాత్రి నిద్రమాత్ర వేసుకున్నారా, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందా, చూపు మందగించిందా... ఒక్కో సంగతి తెలిసేకొద్దీ అంచనా మారుతుంది. తెలియని సంగతి తెలియనట్టుగానే లెక్కలోకి వస్తుంది.

నాలుగు జబ్బులు, పది మాత్రలతో నెట్టుకొచ్చే 80 దాటినవారిని మందుల ప్రయోగాల్లో తరచూ చేర్చుకోరు. వాళ్లు అంతగా లేని డేటాతో నేర్చిన యంత్రం ధీమాగా మాట్లాడితే నాకు భయం (డాక్టరు మాట్లాడినా అంతేననుకోండి). అంచనా ఎంత అటూఇటూ కావచ్చో, దేనివల్ల ముప్పు పెరిగిందో కూడా రిపోర్టులో రాయాలి. నిద్రమాత్ర మాన్పించాలో, కళ్లద్దాలు మార్చాలో అప్పుడే డాక్టరుతో మాట్లాడగలం.

— ఒక పాఠకురాలు