బుజ్జి వ్యాసం గురించి

పోడంపేట, గంజాం జిల్లా, ఒడిశా

చిరంజీవి రాజుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి మామూలే. మొన్న నువ్వు బుజ్జి చదువు సంగతి చెప్తుండగానే సిగ్నల్ పోయింది. మళ్లీ చేసేసరికి నువ్వు డ్యూటీకి వెళ్లిపోయావని కోడలు చెప్పింది. ఫోన్లో తేలే విషయం కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒడియా మాట్లాడతాను గానీ రాయడానికి నా చెయ్యి తిరగదు. అందుకే తెలుగులో రాశాను. నువ్వే చదివి బుజ్జికి హిందీలో చెప్పు.

లాక్‌డౌన్ వల్ల ప్రకృతికి జరిగిన మేలు గురించి బళ్లో వ్యాసం రాయమన్నారట కదా. లాక్‌డౌన్ వల్లే మా తాతగారి ఊరికి లక్షల తాబేళ్లు వచ్చాయని రాస్తానందట. ఆ ముక్క వద్దని చెప్పు. అప్పట్లో ఫోన్లలో కూడా అదే తిరిగింది. వెనిస్ కాలువల్లోకి డాల్ఫిన్లు వచ్చాయని ఒక వీడియో వచ్చింది, గుర్తుందా? అవి వెనిస్‌వి కావు, సార్డీనియా అనే వేరే చోటివని తర్వాత తేలింది. మన తాబేళ్ల కథ అంత అబద్ధం కాదు గానీ, సగం నిజం.

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు. ఆ తెల్లవారుజామునే మన ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, గుడ్లు పెట్టడానికి తాబేళ్ల గుంపు ఒడ్డెక్కడం మొదలైంది. దేశమంతా మూసింది 25న. అంటే అవి ముందే బయలుదేరాయి. నవంబరు నుంచే మన నీళ్లలో జత కట్టి తిరుగుతుంటాయని నీకు తెలుసు, చిన్నప్పుడు నా బోటులో కూర్చుని నువ్వే లెక్కపెట్టేవాడివి. దక్షిణపు గాలి బలంగా తిరిగిందంటే ఇక రేపో మాపో అని మనవాళ్లు అనుకుంటారు. తాబేలు చూసేది ఆ గాలిని. మన కర్ఫ్యూతో దానికేం పని? అంతకుముందు ఏడాది, 2019లో గుంపు అసలు రాలేదు. లాక్‌డౌన్ ఏదీ లేని 2023లో ఆరు లక్షలు దాటాయి. బుజ్జి ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాస్తే చాలు, మేష్టారికే అర్థమవుతుంది.

మరి ఆ ఏడు మేలు జరగలేదా అంటే, జరిగింది. వేరే రకంగా. మామూలుగా గుంపు వచ్చిందని తెలిస్తే బరంపురం నుంచి, భువనేశ్వర్ నుంచి కార్లు కట్టుకుని వస్తారు. టార్చిలైట్లు, సెల్ఫీలు, పిల్లల్ని తాబేలు వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లను తోలలేక కాపలా కుర్రాళ్ల గొంతులు పోతాయి. ఆ ఏడు ఒక్క కారు లేదు. పట్టపగలు ఎండలో కూడా తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెట్టాయి. అరవై ఏళ్లుగా ఈ ఒడ్డునే ఉన్నాను, పగటి పూట అలా చూసింది వేళ్ల మీద లెక్క. ఇసుక కనపడలేదురా. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, ఒకటి పెట్టిన గుడ్లను ఇంకొకటి తవ్వేస్తూ, డిప్పలు తగిలి టకటకమని ఒకటే చప్పుడు. మీ అమ్మ చూసి దణ్ణం పెట్టింది.

అయితే ఇంకోటి కూడా ఉంది. వేట లేక, చేపల వ్యర్థం లేక ఊరి కుక్కలు ఆకలితో మొగ దాకా పోయి గుడ్లు తవ్వడం మొదలుపెట్టాయి. మేం రాత్రులు కర్రలు పట్టుకుని తిరిగాం. మనిషి లేకపోతే ప్రకృతి బాగుంటుంది అనేవాళ్లకు ఈ కుక్కల సంగతి చెప్పాలనిపిస్తుంది.

గాలి మాత్రం నిజంగా బాగుపడింది. హైవే మీద లారీల మోత ఆగిన పది రోజులకు కెరండిమాల కొండలు కడిగినట్టు కనిపించాయి. జలంధర్ వాళ్లకు ధౌలాధార్ మంచు కొండలు ఇళ్ల మీద నుంచే కనిపించాయని టీవీలో చూపించారు. ఇది వ్యాసంలో ధైర్యంగా రాయొచ్చు. పొగ ఆగితే గాలి రోజుల్లో తేరుకుంటుంది.

కానీ ఎండలు, సముద్రం వేడెక్కడం అంత తేలిక కాదట. తాబేళ్ల మీద పరిశోధనకు వచ్చే కుర్రాడొకడు మన అరుగు మీద కూర్చుని చెప్పాడు. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచమంతా కలిపి రోజుకు వదిలే బొగ్గుపులుసు వాయువు ముందటేటి కంటే 17 శాతం తగ్గిందట. ఏడాది మొత్తానికి చూస్తే తగ్గింది అయిదారు శాతమే. పైగా అదే ఏడు మే నెలలో హవాయిలో కొలిస్తే గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లకు 417 పాళ్లు ఉందట, అప్పటిదాకా అంత ఎప్పుడూ లేదు. తగ్గితే పెరగడమేమిటి అని అడిగాను. వాడు చెప్పింది నాకు ఎక్కలేదు గానీ, తర్వాత నాకే తట్టింది. బోటు అడుగున చిల్లు పడి నీళ్లొస్తున్నాయనుకో. చిల్లులో కాస్త గుడ్డ కుక్కితే నీళ్లు నెమ్మదిగా వస్తాయి. అంతే గానీ లోపలికి చేరిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మన పాత ఊరిని సముద్రం లాక్కుపోయింది నువ్వూ చూశావు. లాక్‌డౌన్‌లో అది ఒక్క అడుగు కూడా వెనక్కి పోలేదు.

ఇక చేపల సంగతి. ఏటా 61 రోజులు ఉండే వేట నిషేధాన్ని ఆ ఏడు 47 రోజులకు తగ్గించారు, మే 31తో అయిపోయింది. లాక్‌డౌన్‌లో ముందే బోట్లు ఒడ్డున పడున్నాయి కదా, అందుకని. జూన్‌లో మొదటి వల బరువుగానే లేచింది. అది సముద్రానికి దొరికిన విశ్రాంతి వల్లో, మన అదృష్టమో నేను చెప్పలేను. అదే వలలో నీలం మాస్కులు కూడా వచ్చాయి.

ఒక్క సంగతి నిన్ను అడిగి రాయాలి. బుజ్జికి ఆరేళ్లు అప్పుడు, దానికి గుర్తుండదు. సూరత్‌లో మగ్గాలు ఆగి, కూలి లేక, గదికి పది మంది చొప్పున నువ్వు నెలన్నర పైగా గడిపావు. మగ్గాల మోత లేకపోతే నిద్ర పట్టడం లేదు నాన్నా అన్నావు. మే నెలలో శ్రామిక్ రైలెక్కి జగన్నాథపూర్‌లో దిగావు. క్వారంటైన్ అని ఇంటికి రానివ్వకుండా మన ఊరి బళ్లో పెట్టారు. సరిగ్గా ఆ వారమే ఇసుకలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చాయి. బడి చుట్టూ రాత్రంతా లైట్లు. తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటే సముద్రం అనుకుంటాయి కదా, గుంపులు గుంపులుగా బడి వైపు నడిచాయి. మేం సముద్రం వైపు బల్బులు తీయించేశాం. చీకట్లో ఎందుకు పడేశారని నువ్వు ఫోన్లో నా మీద అరిచావు. నేను మాట్లాడకుండా దూరంగా నిలబడి, తాబేలు పిల్లలున్న బకెట్ ఎత్తి, టార్చికి ఎర్ర గుడ్డ చుట్టి చూపించాను. నువ్వు కిటికీ ఊచలు పట్టుకుని చాలాసేపు చూశావు. ఎన్ని ఉన్నాయి నాన్నా అని అడిగావు. అరుపు ఆగిపోయింది.

ఇది బుజ్జి రాయొచ్చా? నీకు ఇష్టం లేకపోతే వద్దు. బడిలో పదిమందీ చదువుతారు, వాళ్ల నాన్నను బళ్లో బంధించారంటే పిల్లలు ఏమనుకుంటారో. నీ ఇష్టం.

మార్చిలో సెలవు దొరికితే దాన్ని తీసుకురా. గాలి తిరగగానే ఫోన్ చేస్తాను, టికెట్ రెండు రోజుల్లో దొరుకుతుందో లేదో ముందే కనుక్కో. మన పక్కింటి వాళ్లబ్బాయి పదో తారీకున సూరత్ బయలుదేరుతున్నాడు. వాడి చేత మీ అమ్మ ఎండు నెత్తళ్లు పంపుతోంది. రెండు కవర్లు చుట్టింది, అయినా రైల్లో వాసనొస్తే వాణ్ని తిట్టొద్దు.

మీ నాన్న