ఈ వారం వినాల్సింది: ద హూ సెల్ ఔట్

అందరికీ నమస్కారం. ఈ వారం వంతు నాది కాబట్టి, బ్రిటిష్ రాక్ బ్యాండ్ ‘ద హూ’ 1967 డిసెంబర్‌లో తెచ్చిన ఆల్బమ్ ‘ద హూ సెల్ ఔట్’ పెడుతున్నాను. దయచేసి షఫుల్‌లో వినొద్దు, మజా అంతా పోతుంది. ఎందుకంటే ఇది మొత్తం ఒక రేడియో ప్రసారంలా ఉంటుంది: పాట, జింగిల్ (స్టేషన్ పేరు వినిపించే చిట్టి పాట), ఉత్తుత్తి ప్రకటన, మళ్లీ పాట.

అప్పట్లో బ్రిటన్ తీరం దగ్గర ఓడల్లోంచి అనుమతి లేని పాప్ స్టేషన్లు నడిచేవి. ఆ ఏడాది ఆగస్టులో చట్టం వచ్చి వాటికి గండి కొట్టింది. వాటిలో ఒకటైన రేడియో లండన్ మూతపడింది. ఆ స్టేషన్ జింగిల్స్‌నే వీళ్లు ఆల్బమ్‌లో వాడుకున్నారు. అంటే వెక్కిరింతతో పాటు కొంచెం బెంగ కూడా ఉందన్నమాట. (మన వివిధ భారతిలో ప్రకటనలు మొదలైంది కూడా 1967లోనే, చిత్రంగా!)

‘ఓడొరోనో’ మాత్రం తప్పకుండా వినండి. ఒక గాయని, ఆమె ఆశలు, చేజారిన అవకాశం... మనం జాలిపడుతూ ఉంటాం. చివరికొచ్చేసరికి తేలేదేమిటంటే, అది చెమట వాసన పోగొట్టే మందు ప్రకటన! బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ రాశాడు. హిట్టయింది ‘ఐ కెన్ సీ ఫర్ మైల్స్’ అనుకోండి, దాని గురించి నేను చెప్పక్కర్లేదు.

అట్ట మీద బ్యాండ్ గాయకుడు రోజర్ డాల్ట్రీ బేక్డ్ బీన్స్ (టమాటా సాస్‌లో ఉడికించిన గింజలు) నిండిన టబ్బులో కూర్చుని ఉంటాడు. బీన్స్ చల్లగా ఉండి జబ్బు చేసిందని తర్వాత చెప్పుకున్నాడు పాపం.

నా ఫిర్యాదు ఒకటే, రికార్డు రెండో వైపుకొచ్చేసరికి ప్రకటనలు బాగా తగ్గిపోతాయి. మీకెలా అనిపించిందో ఆదివారం రాత్రిలోపు వాయిస్ నోట్ పెట్టండి.