జావా ఆలయాలకు వెళ్ళే ముందు తెలుసుకోవలసినవి

సంపాదకులకు నమస్కారం.

నాకు తెలిసినవారిలో ఇండొనేసియా వెళ్ళినవారందరూ బాలి చూసి తిరిగి వచ్చినవారే. మేము ఈసారి జావా ద్వీపంలోని యోగ్యకర్తకు వెళ్ళాము. మా ప్రయాణ ఏర్పాట్లు చూసిన సంస్థ ప్రంబనన్ ఆలయాలకు ఇచ్చిన సమయం ఒక్క గంట. ఏ వైపు నుంచి నడవాలో చెప్పేవారు లేక మా బృందంలో సగంమంది అక్కడి గోడలపై చెక్కిన రామాయణాన్ని చివరి నుంచి మొదటికి చూశారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, అందుకే మరునాడు నేను ఒంటరిగా మళ్ళీ వెళ్ళాను.

9వ శతాబ్దం మధ్యలో కట్టిన ఈ సముదాయంలో శివాలయం ఎత్తు 47 మీటర్లు. తూర్పు మెట్లు ఎక్కి, ఎడమకు తిరిగి, గుడి కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణంగా నడిస్తే పిట్టగోడ లోపలి వైపున కథ వరుసగా సాగుతుంది. శేషశయనుడైన విష్ణువును దేవతలు వేడుకోవడంతో మొదలై, వానరులు వారధి కట్టే చోట అది ఆగుతుంది. అక్కడ చేపలు నోళ్ళతో రాళ్ళు పట్టుకుని ఉంటాయి, ఆ శిల్పం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మిగిలిన కథ పక్కనున్న బ్రహ్మ ఆలయంలో ఉందని ముందే తెలియనివారు అది అసంపూర్ణమనుకుని దిగిపోతారు. చుట్టూ ఉండవలసిన 224 చిన్న గుళ్ళలో తిరిగి నిలబెట్టినవి కొన్నే, తక్కినవి రాళ్ళగుట్టలుగా ఉన్నాయి. అదే ఆవరణలో కొద్ది నడక దూరంలో సెవు అనే బౌద్ధ ఆలయ సముదాయం ఉంది, మా బృందంలో దాన్ని ఎవరూ చూడలేదు.

జావాలోనే ఉన్న పెద్ద బౌద్ధ కట్టడం బోరోబుదూర్ విషయంలో ముందుగా చదువుకోవడం మరింత అవసరం. కట్టడం అరగకుండా ఇప్పుడు పైకి పరిమిత సంఖ్యలో, మార్గదర్శకుడి వెంట, నిర్ణీత సమయానికే పంపుతున్నారు. మన చెప్పులు విప్పించి అక్కడివారు అల్లిన మెత్తని చెప్పులు ఇస్తారు. ఆ నియమం నాకు ఎంతో నచ్చింది. ఆరు చతురస్రపు అంతస్తులు, వాటిపై మూడు వలయాలు, చిల్లుల గోడల మధ్య బుద్ధుణ్ణి కూర్చోబెట్టిన 72 స్తూపాలు, మొత్తం 504 బుద్ధ విగ్రహాలు: దొరికిన కొద్ది సమయంలో ఇన్నిటిని చూడడం ఎవరి తరమూ కాదు. అందువల్ల బుద్ధుని జీవితాన్ని 120 శిల్పాలలో చెప్పిన మొదటి వసారాను మాత్రం నిదానంగా చూసి, ఆ తరువాతే పైకి వెళ్ళడం మేలని నా అభిప్రాయం.

ఇక భోజనం. మనవాళ్ళు పచ్చళ్ళు, పొడులు మూటగట్టుకుని వెళ్ళి, అక్కడి తిండిని ముట్టకుండా తిరిగి రావడం చూస్తే నాకు దిగులు కలుగుతుంది. యోగ్యకర్త సొంత వంటకమైన గుడెగ్ లేత పనసకాయతో చేసేదే. కొబ్బరిపాలు, బెల్లం వేసి గంటల తరబడి ఉడికిస్తారు, టేకు ఆకులు వేయడం వల్ల ముదురు గోధుమరంగు వస్తుంది. పనసపొట్టు కూరకు ఆవపెట్టి తినే మన నాలుకకు ఆ తీపి మొదటి ముద్దలో కొత్తగా అనిపించింది, మూడో ముద్దకు ఇష్టమైంది. ఉడికించిన సోయా గింజలకు ఒక రకం బూజు పట్టించి అచ్చులా గట్టిపరిచే టెంపేను కూడా నేను సంకోచిస్తూనే తిన్నాను. వేయించిన ముక్కలో గింజల కమ్మదనం తప్ప వేరే వాసన తెలియలేదు.

శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. గుడెగ్ పక్కన వడ్డించే క్రెచెక్ పశువుల తోలుతో చేసేది. సంబల్ అనే మిరపకాయ పచ్చడిలో తెరాసి, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద, తరచుగా కలుపుతారు. ‘తన్పా’ అంటే ‘లేకుండా’, ‘డాగింగ్’ అంటే మాంసం. ‘తన్పా డాగింగ్, తన్పా తెరాసి’ అని చెప్పి నేను నాలుగు రోజులూ కడుపునిండా తిన్నాను. వడ్డించిన మహిళలు విసుగు లేకుండా ఒక్కొక్క గిన్నె చూపించి అందులో ఏముందో చెప్పారు.

తమ ఆదివారం సంచికలో ఈ ఆలయాల శిల్పాల వరుసను, నడవవలసిన దిశను, శాకాహారులకు పనికివచ్చే ఇటువంటి మాటలను పటంతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ప్రయాణ సంస్థలు ప్రంబనన్‌కు కనీసం ఒక పూట కేటాయించాలని కూడా తమ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు