కొండదారి బండి సంగతి

విజయనగరం దగ్గరి తాటిపూడి వైపు మట్టిదారుల్లో తిరగడానికి ఏ బండి కొనాలని అడుగుతున్న తమ్ముళ్ల కోసం ఇది. ముందు ఇంజన్ సీసీ కాదు, బరువు చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 దాదాపు 196 కిలోలు, హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సుమారు 160. హైవే మీద ఆ తేడా తెలీదు. మొన్న వానకి ఎర్రమట్టిలో నా పెద్ద బండి పడుకుంటే ఒక్కణ్నే లేపలేక, మేకలు కాసే పెద్దాయన్ని బతిమాలుకున్నాను! ముందు చక్రం రెండింటికీ 21 అంగుళాలే, రాళ్ల మీద బాగా ఎక్కుతుంది. అలాయ్ చక్రాలు వద్దు. దెబ్బ తగిలితే పగులుతాయి, స్పోక్స్ అయితే వంగినా ఇంటికి చేరతాం. రెండింటి సీటు ఎత్తూ దాదాపు 825 మిల్లీమీటర్లు, కాలు ఆనుతుందో లేదో కూర్చుని చూసుకోండి. నా ఓటు ఎక్స్‌పల్స్‌కే. ఆదివారం పొద్దున్న ఆరింటికి ఎస్.కోటలో కలుద్దాం, మా బావ ఎక్స్‌పల్స్ తెస్తాను, నడిపి చూడండి. హెల్మెట్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.